ఊఁ ఫైనల్

కథ చెప్పేవాడికి నోరుంటే చాలదు, ఊఁ కొట్టేవాళ్ళు ఉండాలంటారు. తెలుగు మాస్టారి ఇంట్లో ఆ మాట సామెత కాదు, పని పద్ధతి.

మాస్టారు పగలు బడిలో పాఠాలు చెప్పేవారు. ఆయన భార్య ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని పుస్తకాలు కంపోజు చేసేది. ప్రెస్సు వాళ్ళు చేతిరాత ప్రతి పంపితే ఆవిడ టైపు చేసి, బొమ్మలు అమర్చి, పేజీలు కట్టి ఇచ్చేది. ఎక్కువగా చిన్నపిల్లల వాచకాలు. ఒక్క దీర్ఘం తప్పిపోయినా ఓ తరం పిల్లలు తప్పు నేర్చుకుంటారని ఆవిడ భయం. అందుకని సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చి టీ తాగాక ఇద్దరూ కలిసి ప్రూఫు చూసేవారు.

గదిలో రెండు బల్లలు. కిటికీ దగ్గరది మాస్టారిది. కోడిగీతల్లాంటి చేతిరాత చదవాలంటే ఆయనకు వెలుతురు కావాలి. గోడ దగ్గరది ఆవిడది. తెర మీద వెలుతురు పడితే ఆవిడకు అక్షరాలు కనిపించవు. అందుచేత ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టి కూర్చునేవారు. చూసినవాళ్ళు మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారేమో అనుకునేవారు.

మాస్టారు చేతిరాత ప్రతిలోంచి ఒక వాక్యం పైకి చదివి, చివర ఎర్రపెన్సిలు మొనతో కాకుండా తోకతో బల్ల మీద టక్కుమని కొట్టేవారు. డిక్టేషను చెప్పేటప్పుడు పట్టుబడిన అలవాటు అది. తెర మీది వాక్యం సరిగ్గా ఉంటే వెనకనుంచి "ఊఁ" అని వినబడేది. తప్పుంటే ఆవిడ ఊరుకునేది. అంతే. వెనక నిశ్శబ్దం అంటే తప్పున్నట్టు లెక్క.

"తప్పు ఉంటే తప్పు అని చెప్పొచ్చుగా! మూగనోము దేనికి?" అని మాస్టారు కొత్తలో విసుక్కున్నారు.

"తప్పు అంటే మీరు నాతో వాదనకు దిగుతారు. ఊరుకున్నాననుకోండి, మీరే వెనక్కి వెళ్ళి చూసుకుంటారు" అంది ఆవిడ.

నిజమే. నిశ్శబ్దంతో వాదించడం ఎవరి తరం? ఆ పద్ధతి అలా స్థిరపడిపోయింది. ఎన్నో పుస్తకాలు ఆ ఊఁ మీదుగానే అచ్చుకెళ్ళాయి. ప్రెస్సు యజమాని ఆవిడను వెనకాల "ఊఁ అమ్మగారు" అనేవాడు. ఆ సంగతి తెలిసి ఆవిడ కడుపుబ్బ నవ్వింది.

తరవాత ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది.

వీధి చివరి డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, "మాటలు తగ్గించమ్మా. ఉన్న ఊపిరిని జాగ్రత్తగా వాడుకోవాలి" అన్నారు. ఆవిడ ఇంట్లో సైగలకు దిగింది. నీళ్ళు కావాలంటే బొటనవేలు, కిటికీ తెరవాలంటే అరచెయ్యి, మాస్టారు అతి చేస్తున్నారనుకుంటే కనుబొమ్మలు. ప్రూఫు దగ్గర మాత్రం ఊఁ మానలేదు. అప్పుడు చేతిలో ఉన్నది మూడో తరగతి వాచకం. అది తన చేతుల మీదుగానే పూర్తికావాలని ఆవిడ పట్టు.

అయితే ఊఁ రోజురోజుకీ సన్నబడింది. మొదట దానిలో బిగువు పోయింది, తరవాత నిండుతనం పోయింది, చివరికి ఉత్త గాలి మిగిలింది. అది వినగానే మాస్టారు కాగితాలు మూసేసి, "ఇవాళ్టికి చాలు. పడుకో" అనేవారు. ఆవిడ కనుబొమ్మలు ఎగరేసేది. మాస్టారు లెక్కచేసేవారు కాదు. ఆ రోజుల్లో ఆయనకు ఆవిడ ఊఁ జ్వరం కొలిచే గొట్టంలాంటిది. అది చూసే ఆ సాయంత్రం ఎంతసేపు కూర్చోవచ్చో తేల్చేవారు.

అలా వారమంతా పుస్తకం కదలలేదు. ఆ తరవాత ఒక సాయంత్రం, మాస్టారు నమ్మకం లేకుండానే ఒక వాక్యం చదివి టక్కుమని కొడితే, వెనకనుంచి పాత ఊఁ వచ్చింది. గుండ్రంగా, నిండుగా, చివర కాస్త పైకి లేచే ఊఁ.

"ఏమోయ్! మందు పట్టినట్టుందే!" అని ఆయన కుర్చీలోనే వెనక్కి తిరిగారు.

ఆవిడ నవ్వుతూ అరచెయ్యి ఆడించింది. ముందు పని కానివ్వండి, అని దాని అర్థం.

మర్నాడూ అదే ఊఁ. ఆ మర్నాడూ అదే. మాస్టారికి నేల మీద కాలు నిలవలేదు. కూరగాయలమ్మే ఆమెకి చెప్పారు, బడిలో గంట కొట్టే అతనికి చెప్పారు, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి మరీ చెప్పారు. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఏమో మాస్టారూ, ఎక్స్‌రే మాత్రం ఆ మాట అనట్లేదు" అన్నారు.

"ఎక్స్‌రేకి చెవులుండవు లెండి" అన్నారు మాస్టారు.

వాచకంలో ఒక్క పాఠం మిగిలి ఉండగా, మాస్టారు బడిలో ఉన్న వేళ, మధ్యాహ్నం నిద్రలో ఆవిడ వెళ్ళిపోయింది.

మాస్టారు ఎవరి ముందూ ఏడవలేదు. కాని డాక్టరుగారిని మాత్రం క్షమించలేదు. "గొంతు తిరిగొచ్చిన మనిషి ఎలా పోతుందండీ? రోజూ నా చెవులతో విన్నాను. మీరే ఏదో చూడకుండా వదిలేశారు" అన్నారు. ఆ తరవాత డాక్టరుగారు ఎదురొస్తే వీధికి అవతలి వైపు నడవడం మొదలుపెట్టారు. ఆయన మనసులో ఆ ఒక్క ముడి విడలేదు. బాగుపడుతున్న మనిషి ఎలా పోయింది?

*

కొత్త విద్యాసంవత్సరం దగ్గరపడుతోంది. ప్రెస్సు యజమాని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, మాట పెగలక, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మూడోసారి మాస్టారే అన్నారు, "ఆ పాఠం నేను చూసి ఇస్తాలెండి."

ఆవిడ కుర్చీలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. మెత్త మధ్యలో గుంట పడి ఉంది. ఆయన ఆ గుంటకు కాస్త పక్కగా, ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నారు. కంప్యూటరు తెరిచి పాఠం పైకి తెచ్చారు. "వాన ఎలా కురుస్తుంది?" పక్కన గొడుగు పట్టుకున్న కప్ప బొమ్మ. చదివేదీ తనే, చూసేదీ తనే కనుక చేతిరాత ప్రతిని తెరకు ఆనించి పెట్టుకుని, ఎర్రపెన్సిలు తీసుకుని, పైకి చదివారు.

"సముద్రంలోని నీరు ఎండకు ఆవిరవుతుంది."

టక్.

"ఆవిరి కంటికి కనబడదు."

టక్.

"ఊఁ."

మాస్టారు గిర్రున వెనక్కి తిరిగారు. వెనక కిటికీ, తన బల్ల, తన ఖాళీ కుర్చీ. వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొడుతున్నారు. ఆయన కంప్యూటరు ఆపడం కూడా మరిచిపోయి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

మర్నాడు మళ్ళీ చదివారు. పాఠం సగం దాకా ఏమీ రాలేదు. పిచ్చిపట్టిందనుకుని తనను తాను తిట్టుకుంటుండగా, ఒక వాక్యం చివర మళ్ళీ "ఊఁ." సరిగ్గా ఎక్కడ రావాలో అక్కడే. ఇంకో రోజు వరసగా రెండు వాక్యాలకు వచ్చింది. తరవాత పాఠమంతా పదిమార్లు చదివినా రాలేదు. ఏం చేస్తే వస్తుందో, ఎందుకు రాదో అంతుచిక్కలేదు. బడిలో పిల్లల హాజరు పిలుస్తున్నా ఆయన చెవి ఇంటి ముందుగదిలోనే ఉండేది.

ఆ ఊఁ ఆయనకు కావాలి. అది ఎప్పుడైనా ఆగిపోతుందేమోనన్న భయం నిద్ర పట్టనివ్వలేదు. చివరికి "బ్యాటరీ"కి ఫోను చేశారు.

బ్యాటరీ ఆయన పాత శిష్యుడు. చిన్నప్పుడు క్లాసు గోడ గడియారంలోంచి బ్యాటరీ ఊడదీసి బొమ్మకారులో వేసుకున్నాడు. ఆ రోజు తెలుగు పీరియడు ఎంతకీ అయిపోలేదు. పేరు అలా వచ్చింది. ఇప్పుడు బట్టతల వచ్చింది, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం వచ్చింది, పేరు మాత్రం పోలేదు. అతను వచ్చేసరికి అవతలి పేటలో ఉండే మాస్టారి కూతురు కూడా నాన్నను చూడ్డానికి వచ్చి ఉంది.

"శబ్దం అంటే ఎలాంటిది మాస్టారూ? టింగుమంటుందా, బుడుంగుమంటుందా?"

"ఏదో... శబ్దం."

"క్లాసులో మేం ఇలా చెబితే గోడకుర్చీ వేయించేవారు. 'ఏదో' అనేది జవాబు కాదురా గాడిదా, అని."

"గాడిదా అన్నానా?"

"ప్రేమగానే అన్నార్లెండి."

కూతురు టీ తెచ్చి అక్కడే నిలబడింది. "నాకు చెప్పలేదేం నాన్నా, కంప్యూటరు చప్పుడు చేస్తోందని?"

మాస్టారు కప్పు అందుకుని అందులోకే చూస్తూ ఉండిపోయారు.

బ్యాటరీ పని మొదలుపెట్టాడు. కాసేపు ఏమీ ముట్టుకోకుండా కూర్చుని విన్నాడు. "చూశారా, నోరు మెదపట్లేదు. డాక్టరు దగ్గరికెళితే పంటినొప్పి తగ్గినట్టు." తరవాత తెర కింద గడియారం పక్కనున్న చిన్న చిన్న బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరిచాడు. మెయిలు వస్తే మోగేదొకటి, అప్‌డేటు వస్తే మోగేదొకటి, ప్రింటరులో ఇంకు అయిపోతే మోగేదొకటి. "ఈ ఇంకుదే అయి ఉంటుంది. దీనికి ఏడుపెక్కువ" అంటూ దాని నోరు నొక్కాడు. "అప్‌డేటుది కూడా కట్టేశాను. మొత్తం మీద అందరికీ మూతికి గుడ్డలు కట్టేస్తే పోలా?"

"అన్నిటికీనా?" మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు. "తీసెయ్యమని ఎవరన్నారు నీతో? ఎక్కణ్ణుంచి వస్తోందో చూడమన్నాను. అంతే."

ఆ గొంతుకి కూతురు తలెత్తి చూసింది. బ్యాటరీ మౌసు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఏమీ తీయలేదు మాస్టారూ. ఆపాను, అంతే. మళ్ళీ పెట్టేస్తాను. ఇదిగో, పెట్టేశాను." తరవాత మెల్లగా అడిగాడు, "శబ్దం వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు?"

"చదువుతున్నాను."

"కంప్యూటరులోనా?"

"పైకి. ప్రూఫు."

"అయితే చదవండి. మీరేం చేశారో అదే చేయండి. నేను పక్కన నిలబడతాను."

మాస్టారు జంకారు. శిష్యుడి ముందు చదవడానికి కాదు, కూతురి ముందు. ఆ పిల్ల ఇంకా వినలేదు. అయినా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ప్రతిని తెరకు ఆనించారు. పెన్సిలు తీసుకున్నారు.

"ఆవిరి పైకి వెళ్ళి చల్లబడుతుంది."

టక్.

"చల్లబడిన ఆవిరి మబ్బు అవుతుంది."

టక్.

"మబ్బులు గాలికి కదులుతాయి."

టక్.

"ఊఁ."

కూతురి చేతిలో టీ పళ్ళెం గలగలలాడింది. "అమ్మ" అంది. పిలిచినట్టు అనలేదు, అడిగినట్టూ అనలేదు. ఆ మాట తనంతట తాను బయటికి వచ్చింది. బ్యాటరీకి ఆవిడ గొంతు తెలుసు. దుకాణం కొత్తగా పెట్టినప్పుడు మొదటి బేరం ఆవిడదే. అతను తల వంచుకుని నిలబడిపోయాడు.

"ఇదే" అన్నారు మాస్టారు. "ఈ శబ్దమే."

బ్యాటరీ తెర దగ్గరికి జరిగాడు. "మాస్టారూ, ఇంకోసారి. మీరు మాటతో పిలుస్తున్నారా, చేత్తో పిలుస్తున్నారా అని చూస్తాను."

అతను తెర మీద ఒక చిన్న కిటికీ తెరిచి పెట్టాడు. నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కనా ఒక్కో సన్నని గీత. "వీటిలో ఏది చప్పుడు చేస్తే దాని గీత పచ్చగా లేస్తుంది. మీరు క్లాసులోంచి బయటికెళ్ళినప్పుడు అల్లరి చేసినవాళ్ళ పేర్లు లీడరు బోర్డు మీద రాసేవాడు చూడండి, అలాగ."

మాస్టారు చదివారు. కొట్టారు. రాలేదు. మళ్ళీ చదివారు. కొట్టారు. "ఊఁ" అంది. జాబితాలో అడుగున, ఎవరూ పట్టించుకోని ఒక పేరు పక్కన గీత ఒక్కసారి లేచి పడిపోయింది.

బ్యాటరీ తెర వైపు చూడ్డం మానేసి పెన్సిలు వైపు చూస్తున్నాడు.

"మీ బల్ల మీద కొట్టే అలవాటు ఇక్కడ కీబోర్డు మీద పడుతోంది మాస్టారూ. పెన్సిలు తోక పక్కకి పడితే బల్ల. కాస్త ఇటు పడితే ఇదిగో, ఈ మూల మీట." కుడివైపు అంకెల మీటల చివర, అన్నిటికంటే పొడుగ్గా ఉన్న ఎంటర్ మీటను వేలితో చూపించాడు. మిగతా మీటల మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. దాని మీద కూడా ఏమీ లేదు. "ఇది నొక్కితే వరస మారకుండా ఊఁ మాత్రమే అనాలని ఎవరో దీనికి చెప్పిపెట్టారు. ఇదొక చిన్న ప్రోగ్రాము. మీట నొక్కితే మనం ఇచ్చిన శబ్దం వినిపిస్తుంది. పిల్లలు ఆటలకి వాడతారు. మీరు పెట్టించారా?"

"లేదు."

"నువ్వా అక్కా?"

కూతురు తల అడ్డంగా ఊపింది.

ఆ గదిలో కూర్చుని పనిచేసిన మనిషి ఇంకొకరే. ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. బ్యాటరీ ఆ ప్రోగ్రాము తెరిచి, శబ్దం ఎక్కడ దాచి ఉందో వెతికాడు. ఒక చిన్న ఫోల్డరు. అందులో అరడజను దాకా ఫైళ్ళు. కంపోజు చేసేవాళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆవిడ ఏ పుస్తకానికైనా కవరు కొత్త, కవరు కొత్త-2, కవరు ఫైనల్ అని పేర్లు పెట్టేది. ఇక్కడా అలాగే ఉన్నాయి. ఊఁ. ఊఁ-2. ఊఁ కొత్తది. అన్నిటికీ చివర, ఊఁ ఫైనల్.

"తేదీ చూడు" అన్నారు మాస్టారు.

బ్యాటరీ చూపించాడు. అన్నీ ఒకే రోజువి. అన్నీ పొద్దున్న, మాస్టారు బడికి వెళ్ళిన తరవాతవి. ఆ తేదీ మాస్టారికి గుర్తే. మందు పట్టిందనుకుని ఆయన కుర్చీలోనే వెనక్కి తిరిగింది ఆ సాయంత్రమే.

ఆయన వెనక తన బల్ల వైపు ఒకసారి చూశారు. అక్కడ కూర్చుని, ఇటు వీపు పెట్టి చదివిన సాయంత్రాలన్నీ ఆయన చెవిలో మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు గుర్తొస్తోంది. తన టక్కుకీ ఆవిడ ఊఁకీ మధ్య ఒక చిన్న టిక్కు ఉండేది. ఏదో అక్షరం దిద్దుతోందిలే అనుకున్నారు. ఊఁలన్నీ అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉండేవి. అదీ తెలుస్తూనే ఉంది. ఆరోగ్యం కుదుటపడితే గొంతూ కుదుటపడుతుంది కదా అనుకున్నారు.

"నాన్నా" అంది కూతురు నెమ్మదిగా. "నేనొచ్చినప్పుడు కూడా అమ్మ అన్నీ సైగలేగా. ఒకసారి చెవి దగ్గరికి రమ్మని, 'ఇక లేదే గొంతు' అంది. అది కూడా గాలితోనే. నీకు తెలుసనే అనుకున్నాను. రోజూ పక్కనే ఉంటావుగా."

"తను నా వెనక ఉంటానని అనేది మీ అమ్మ" అన్నారు మాస్టారు. "పక్కన కాదు."

ఆయన వేలు చాచి మొదటి ఫైలు చూపించారు. బ్యాటరీ వద్దన్నట్టు చూశాడు. మాస్టారి వేలు కదల్లేదు.

మొదటి దాంట్లో ఊపిరి లాగడం, తరవాత దగ్గు. దగ్గు చాలాసేపు. రెండో దాంట్లో ఊఁ సగంలో తెగిపోయింది. ఆ తరవాతిదానిలో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, కిటికీ అవతల వీధిలో ఎవరో నడిచిపోయిన చప్పుడు, మళ్ళీ ఊపిరి. ఇంకోదాంట్లో ఊఁ పూర్తిగానే వచ్చింది గాని, చివర వణికింది. వణికాక ఆవిడ తనలో తాను గొణుక్కుంది. గొంతు లేదు, గాలే. అయినా మాట మాటా తెలిసింది.

"ఛ, ఇది పనికిరాదు. ఇది వింటే పుస్తకం మూసేస్తారు."

బ్యాటరీ అక్కడ ఆపేశాడు. ఆ తరవాతది ఫైనల్. దాన్ని వినక్కర్లేదు.

కూతురు గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు మాత్రం చేతిరాత ప్రతిని సర్దుతూ కూర్చున్నారు. అంచులు సరిగానే ఉన్నా మళ్ళీ మళ్ళీ సర్దారు. ఇన్నాళ్ళూ ఆయనను కాల్చిన ప్రశ్నకు జవాబు దొరికింది. బాగుపడిన మనిషి పోలేదు. పోతున్న మనిషే, ఆయన పుస్తకం మూసెయ్యకుండా చూసుకుంది.

"రేపు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి" అన్నారు.

"ఒంట్లో బాలేదా నాన్నా?"

"బానే ఉంది. ఆయనకో మాట బాకీ ఉన్నాను."

*

కాసేపయ్యాక బ్యాటరీ అడిగాడు. "మాస్టారూ, ఇప్పుడు దీన్నేం చేయమంటారు? మీకు కావాలంటే ఏ మీట నొక్కినా వచ్చేట్టు పెడతాను. పొరపాటున పెన్సిలు తగలాల్సిన పని ఉండదు. ఫోనులో కూడా వేసిస్తాను."

"ఉండనీ నాన్నా" అంది కూతురు వెంటనే. "ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు."

నిన్నటిదాకా ఆయన దేవులాడింది అందుకే. మాస్టారు ఆ మాటను కాదనలేకపోయారు. పెన్సిలు పక్కన పెట్టి, ఆ మూల మీట మీద తన వేలు ఆనించారు. తరవాత ప్రతి వైపు చూడకుండా, బడిలో మొద్దబ్బాయిలను పరీక్షించే గొంతుతో, ఒక వాక్యం చెప్పారు.

"మబ్బులు నేల మీద పడి రాళ్ళవుతాయి."

నొక్కారు.

"ఊఁ" అంది ఆవిడ గొంతు. గుండ్రంగా, నిండుగా, చివర కాస్త పైకి లేస్తూ.

"కప్పలు ఆకాశంలో గుడ్లు పెడతాయి."

"ఊఁ."

మాస్టారు వేలు తీసేశారు. ఆ ఊఁ ఎంత బాగుందో అంత భరించలేనిదిగా ఉంది. ఆఖరి రోజుల్లో కూడా ఆవిడ అబద్ధానికి మీట నొక్కలేదు. తప్పు కనబడితే వేలు ఆగేది, వెనక నిశ్శబ్దమయ్యేది, ఆయన వెనక్కి వెళ్ళి చూసుకునేవారు. ఊఁ యంత్రానిదే కావచ్చు. ఆగిన వేలు ఆవిడది. ఇప్పుడు ఊఁ మిగిలింది, ఆగే వేలు లేదు.

"తీసెయ్యరా" అన్నారు.

"మాస్టారూ..."

"మీట నుంచి మాత్రమే. ఫైళ్ళు ముట్టుకోకు, ఎక్కడున్నవి అక్కడే ఉండనీ. వణికినదీ, దగ్గినదీ, అన్నీ."

"ఎందుకు నాన్నా?" కూతురు గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చింది. "దానివల్ల ఏం పోయింది?"

"మీ అమ్మ తప్పుకి ఊఁ కొట్టే మనిషి కాదమ్మా. నా మాట కోసం కూడా ఎప్పుడూ కొట్టలేదు. పోయాక మనం కొట్టించకూడదు."

బ్యాటరీ రెండు చోట్ల నొక్కి, ఒక గుర్తు తీసేసి, మూసేశాడు. ఎంతో పెద్ద పనిలా మొదలైనది ఇంత చిన్న పనితో అయిపోయింది. అతను వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీరు అప్పుడు గాడిదా అనలేదు మాస్టారూ. 'నాయనా' అన్నారు. ఊరికే అన్నాను" అని చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కూతురు ఉంటానంది. ప్రూఫుకి తనే ఊఁ కొడతానంది. మాస్టారు ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, "రేపు రా. ఇవాళ నేనొక్కణ్ణే చూస్తాను. పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది, వెళ్ళు" అన్నారు.

ఆమె వెళ్ళాక ఆయన ప్రతిని పట్టుకుని గోడ దగ్గరి కుర్చీలోంచి లేచారు. కిటికీ దగ్గర తన బల్ల ముందు, తన పాత కుర్చీలో, ఎప్పటిలాగే వెనక బల్లకు వీపు పెట్టి కూర్చున్నారు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ కాగితం మీద పడింది. వెనక కంప్యూటరు తెర మీద కప్ప గొడుగు పట్టుకుని ఎదురుచూస్తోంది. తెర చూసేవాళ్ళు లేకుండా ఇలా చదివితే ప్రూఫు అవదని ఆయనకు తెలుసు. అయినా మొదటి వాక్యం చదివారు.

"సముద్రంలోని నీరు ఎండకు ఆవిరవుతుంది."

టక్.

వెనక నిశ్శబ్దం.

ఆ ఇంటి లెక్కలో నిశ్శబ్దం అంటే ఎక్కడో తప్పుంది. మాస్టారు లేచి వెళ్ళి తెర మీది వాక్యాన్ని అక్షరం అక్షరం చూశారు. సున్నాలు సరిగా ఉన్నాయి. ఒత్తులు సరిగా ఉన్నాయి. దీర్ఘం ఎక్కడా జారలేదు. తిరిగివచ్చి కూర్చుని, ఇంకాస్త స్పష్టంగా, ఇంకాస్త నెమ్మదిగా చదివారు.

"సముద్రంలోని నీరు ఎండకు ఆవిరవుతుంది."

టక్.

విన్నారు. పెన్సిలు బల్ల మీదే ఆనించి, చెవి వెనక్కి పెట్టి, చాలాసేపు విన్నారు.

తరవాత మళ్ళీ మొదటి వాక్యం దగ్గరికి వెళ్ళారు.